సగమే తిరిగొచ్చిన గొంతు

సోమవారం ఉదయం నా కంప్యూటర్ పెట్టెలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. మూడుసార్లు కొట్టి ఆగింది. కాసేపటికి ఏడుసార్లు కొట్టింది. మళ్లీ ఒక్కసారే కొట్టి చాలాసేపు ఊరుకుంది. గడియారమైతే చప్పుడుకు ఒక లెక్క ఉంటుంది, దీనికి ఏ లెక్కా లేదు. తెర మీద నేను రాస్తున్న వ్యాసం సగం వాక్యం దగ్గర బిగుసుకుపోయి, ఆ తర్వాత మొత్తం నల్లబడింది.

నేను కంగారు పడలేదు. బీరువాలో బ్యాకప్ డిస్కు ఉంది. మూడేళ్లుగా ప్రతి ఆదివారం దాన్ని కంప్యూటర్‌కు తగిలించి, బటన్ నొక్కి, కాఫీ తాగి వచ్చేవాణ్ని. వచ్చేసరికి తెర మీద పచ్చటి టిక్కు గుర్తు ఉండేది. అంతా భద్రం అని దాని అర్థం. డిస్కు ఊడదీసి, గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టేవాణ్ని.

అరగంటకు ఫోన్ మోగింది. అక్క కోడలు.

"చిన్నాయనా, పాప బడిలో మళ్లా పడిపోయింది. నోట్లో నురగ. టీచరమ్మ భయపడి ఆటో వండిలో ఇంటికి పంపించింది."

"మాత్రలు ఇస్తున్నారా?"

"మాత్రలు వేస్తే పొద్దంతా నిద్ర పోతా ఉండె. పరీక్షలు గదా. నిలిపేస్తిమి."

"ఎవరు నిలపమన్నారు?"

ఆమె మాట మార్చింది. "శుక్రవారం అమావాస. కొండకింద పూసారి దగ్గరికి తీసుకుపోతా ఉండాము. కాత్తు కరుప్పు అంట. ఆయప్ప ఫోనులోనే చెప్పేసినాడు. మీకు చెప్పకుండా పోతే బాగుండదని చెప్తా ఉండా. మీరు వచ్చి వాదం పెట్టుకోవద్దు."

పూసారి అంటే దెయ్యం వదిలించే పూజారి. కాత్తు కరుప్పు అంటే గాలి, నీడ. మా వైపు మూర్ఛకు, మొండితనానికి, పెళ్లి కుదరకపోవడానికి, అన్నిటికీ కారణం ఆ రెండే. ఇరవయ్యేళ్ల వయసు నుంచి నేను వేదికలెక్కి వాటి మీద మాట్లాడుతున్నాను. ఎదుటివాణ్ని రుజువు అడగడం ఎలాగో, వాడి జవాబులోని కంత ఎక్కడుందో పట్టుకోవడం ఎలాగో నాకు నేర్పిన పెద్దలు ఉన్నారు. ఆ రోజు నాకు వాదించాలని కూడా అనిపించలేదు. వాదం కంటే గట్టిది నా దగ్గర ఉందనుకున్నాను. అది అక్క గొంతు.

అక్క పాపారపట్టి దగ్గర పల్లెలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటుంది. అంతకుముందు ఏడాది సేలంలో ఆమెకు గొంతు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడ దగ్గరి రంధ్రంతో ఊపిరి తీసుకుంటుంది. పెదవులు కదిలిస్తే "నీళ్లు", "చాలు" లాంటి చిన్న మాటలు తెలుస్తాయి. పెద్ద మాటలు తెలియవు. చదువు లేదు, సంతకం తప్ప రాయడం రాదు.

ఆపరేషన్‌కు వారం ముందు ఆమె ధర్మపురిలో మా ఇంటికి వచ్చింది. నా భార్యను ఏదో పని మీద బజారుకు పంపించి, నా గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

"రేయ్, ఆ ఫోను నా ముందర పెట్టు. ఒకసారే చెప్తా. మళ్లా అడిగితే చెప్పను." ఒక క్షణం ఆగి నవ్వింది. "అడిగినా చెప్పలేను లే."

తనకు పదమూడేళ్లప్పుడు జరిగింది చెప్పింది. ఆమెకూ మూర్ఛ వచ్చేది. మావాళ్లు ఆమెను ఒక కొండకింద పూసారి దగ్గరికి తీసుకుపోయి మూడు రోజులు ఉంచారు. నాకప్పుడు ఏడేళ్లు, నన్ను పిన్ని ఇంటికి పంపేశారు. అక్కకు జ్వరమని చెప్పారు. యాభై దాటిన తర్వాత, ఆ ఫోను ముందు కూర్చుని నేను అసలు సంగతి విన్నాను. ఆ మూడు రోజుల్లో ఏం చేశారో అంతా చెప్పింది. దాని తర్వాత కూడా మూర్ఛ ఆగలేదని, పెళ్లయ్యాక ధర్మపురి ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలతోనే ఆగిందని చెప్పింది. మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగింది. అలా మూడు రికార్డింగులయ్యాయి.

"నా కొడుక్కి ఇప్పుడు వద్దు. సిగ్గు నాకు. ఇంట్లో ఎవరినైనా ఆడికి తీసుకుపోతామంటారు చూడు, ఆ రోజు వినిపించు. అంతవరకు ఎవరికీ పంపొద్దు."

నేను మాట నిలబెట్టుకున్నాను. ఎవరికీ పంపలేదు. కంప్యూటర్‌లో 'అక్క గొంతు' అని తెలుగు అక్షరాలతో ఒక ఫోల్డర్ పెట్టి, మూడు ఫైళ్లూ అందులో వేసి, ఫోనులోంచి తీసేశాను. ఎలాగూ ప్రతి ఆదివారం బ్యాకప్ జరుగుతోంది కదా.

అందుకే ఆ సోమవారం ఫోన్ పెట్టేశాక గుడ్డ విప్పి, డిస్కు తీసుకుని, బస్టాండు దగ్గరి కంప్యూటర్ షాపుకు నిదానంగా బయల్దేరాను. చప్పుడు చేస్తున్న పెట్టెను కూడా ఆటోలో వేయించుకున్నాను. షాపతనికి ముప్పై అయిదేళ్లు ఉంటాయి. మూడేళ్ల క్రితం నాకు ఈ బ్యాకప్ ఏర్పాటు చేసి పెట్టింది అతనే.

అతను డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించాడు. నా తమిళ వ్యాసాలున్నాయి. కరెంటు బిల్లులున్నాయి. ఫోటోలు, ఇంగ్లీషు ఉత్తరాలు, ఎప్పుడో దింపుకున్న రైళ్ల పట్టిక కూడా ఉంది.

"తెలుగువి ఏవి?" అన్నాను.

"ఏవి సార్?"

"తెలుగు పేర్లు పెట్టిన ఫోల్డర్లు. పదో పన్నెండో ఉండాలి."

అతను పైకీ కిందికీ జరిపి చూశాడు. తర్వాత చేతిని మౌస్ మీదినుంచి తీసేశాడు. 

"సార్, మీరు కోపపడకూడదు. అప్పట్లో ఇది పెట్టేటప్పుడు ఏవో సుట్టి సుట్టిన అక్షరాలు కనిపించె. వైరస్ చేసిన జంకు అనుకొంటిని. ఆ పక్కన టిక్కు తీసేసినా."

"సుట్టి సుట్టిన అక్షరాలా? మీ ఇంట్లో ఏం మాట్లాడుతారు?"

"తెలుగే సార్. వేరే మాట్లాడితే మా అమ్మ అన్నం పెట్టదు."

"అన్నం పెట్టే భాషను జంకని తీసేసినావా?"

"మాట్లాడేది వేరే, చదివేది వేరే గదా సార్. బడిలో అంతా తమిళమే. మా ఇంట్లో తెలుగు చదివేవాడు మా తాతకు తాత ఉండెనేమో. ఒక్కోటి కన్నడం మాదిరి కూడా ఉండె. సార్ కన్నడంలో ఎందుకు రాసుకుంటారులే అనుకొంటి." తర్వాత మెల్లగా అన్నాడు: "ఆ అక్షరాలతో కొత్త ఫోల్డర్ ఏది పెట్టినా అదే లెక్కలో పోయుంటుంది. అట్లా సెట్ చేసినా."

షాపులో ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్ల ముందే అతన్ని నాలుగు మాటలు అన్నాను. ఇప్పుడు తలచుకుంటే అందులో ఒక్క మాటకు కూడా నాకు అర్హత లేదు. అతను తనకు చదవరాని అక్షరాలను చూసి తప్పుగా ఊహించాడు, అంతే. నేను చేసింది ఏమిటి? మూడేళ్లలో ఒక్క ఆదివారం, ఒక్కటంటే ఒక్కటి, ఆ డిస్కులోంచి ఒక ఫైలు వెనక్కి తీసి చూడలేదు. విభూతి తింటే జబ్బు తగ్గుతుందన్నవాణ్ని "నువ్వు పరీక్షించావా?" అని నిలబెట్టి అడిగిన నోరు ఇది. ఆ నోరే ఒక పచ్చ గుర్తును చూసి తృప్తిగా కాఫీ తాగింది. గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టడంతో సహా నేను చేసినదంతా పూజే. దానికి వేరే పేరు వెతికి నన్ను నేను కాపాడుకోదలచుకోలేదు.

మిగిలింది టిక్కు టిక్కుమంటున్న ఆ పాత హార్డ్ డిస్కు.

అతను దాన్ని బయటికి తీసి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "లోపల చదివే ముల్లు సరిగ్గా నిలవడం లేదు సార్. చెన్నైలో దీన్ని తెరిచి తీసేవాళ్లు ఉండారు. వాళ్లకు పంపితే చాలావరకు వస్తుంది. పదైదు, ఇరవై దినాలు పడుతుంది."

"శుక్రవారానికి కావాలి."

"అట్లయితే ఈడనే ప్రయత్నం చేయాల. నడిపే కొద్దీ ముల్లు గీసుకుంటుంది. వచ్చేది వస్తుంది. రానిది ఇంక ఎప్పటికీ రాదు. చెన్నైవాళ్లు కూడా ఏమీ చేయలేరు. మీరే చెప్పండి."

ఇరవై రోజులు ఆగితే అక్క గొంతు మొత్తం దొరకవచ్చు, కాని పాపకు అది ఎందుకూ పనికిరాదు. ఇప్పుడు నడిపితే ఎంత దొరుకుతుందో తెలియదు, దొరకనిది శాశ్వతంగా పోతుంది. "నడుపు" అన్నాను. ఆ మాట అన్నది నేనే, అతను కాదు.

మంగళవారం ఏమీ రాలేదు. బుధవారం మధ్యాహ్నానికి ఫోల్డర్ల పేర్లు కనిపించాయి. అతనికి చదవడం రాదు కాబట్టి నేను పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించాను. ఒక్కో అక్షరం చూసి "ఇదా అ? ఇదా క?" అని అడిగాడు. ఆ అడగడంలో సిగ్గు ఉంది, నాకు కోపం మిగల్లేదు. తెర మీద ఒక గీత జరుగుతూ ఉండేది. నిమిషానికి వెంట్రుక వాసి జరిగేది. డిస్కు కొడుతూనే ఉంది. పక్క కొట్టులో టీ గ్లాసులు కడిగే చప్పుడులోనూ నాకు అదే వినిపించేది. ఆ మూడు రోజులూ పొద్దున షాపు తెరవగానే వెళ్లి, వాళ్లు అన్నానికి మూసేదాకా, మళ్లీ తెరిచాక సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. పాప తండ్రికి ఫోన్ చేస్తే, హోసూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నానని, గురువారం వస్తానని చెప్పాడు. "వచ్చినాక మాట్లాడుదాము మామా" అని పెట్టేశాడు.

గురువారం మూడు గంటలకు మొదటి ఫైలు పూర్తిగా వచ్చింది. రెండోదాని మీద గీత కాసేపు కదిలింది. తర్వాత ఆగింది. డిస్కు గబగబా కొట్టుకుంది, ఊపిరి ఆడనివాడి గుండెలాగ. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది. నాలుగు రోజులుగా ఆ చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూసినవాణ్ని, ఆగగానే మళ్లీ కొడుతుందేమోనని చెవి ఒగ్గాను.

"అంతే సార్" అన్నాడతను.

మొదటి ఫైలును హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. సుమారు ఇరవై నిమిషాలు. సగం సాక్ష్యమైనా సాక్ష్యమే కదా అనుకున్నాను. నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇదే. తర్వాతి రెండు ఫైళ్లలో ఏముందో నాకు తెలుసు. తెలిసిన చెవితో విన్నాను కాబట్టి ఆ ఇరవై నిమిషాల్లో ప్రతి మాట వెనకా రాబోయేది నాకు వినిపించింది. తెలియని చెవికి ఎలా వినిపిస్తుందో నాకు తట్టనే లేదు.

శుక్రవారం పొద్దున పాపారపట్టి బస్సు దిగి ఆటోలో పల్లెకు పోయాను. పదకొండింటికి బాడుగ వండి వస్తుందట. పాపకు తలస్నానం చేయించారు. తడి జుట్టు వీపు మీద ఆరబోసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. పళ్లెంలో నిమ్మకాయలు, కర్పూరం, మడత విప్పని కొత్త పావడా ఉన్నాయి. అక్క మంచం మీద ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. చెవి దగ్గర చెయ్యి పెట్టి, నా జేబు వైపు చూపించింది.

"మూడు దినాలుగా అట్లే చేస్తా ఉందంట" అన్నాడు అక్క కొడుకు. "పాట వినాలేమోనని రేడియో పెట్టిస్తి. రేడియోను విసిరికొట్టె."

"అది పాట కాదు. మీ అమ్మ ఆపరేషన్‌కు ముందు నా దగ్గర చెప్పి పెట్టింది. వినండి. విన్న తర్వాత మీ ఇష్టం."

ఫోను మంచం మీద పెట్టి నొక్కాను.

ఏడాదికి పైగా ఆ ఇంట్లో వినిపించని గొంతు వినిపించింది. అక్క కొడుకు నోరు తెరిచి అట్లాగే కూర్చుండిపోయాడు. కోడలు తలుపు పట్టుకుని నిలబడింది. పాప నవ్వి, "అవ్వ!" అంది.

గొంతు చెప్పుకుపోయింది. కొత్త పావడా కుట్టించినారంట. ఎర్ర గాజులంట. ఊరివాళ్లంతా వచ్చి కాళ్లకు మొక్కినారంట, ఎన్నడూ పలకరించని పెద్దింటి ఆడవాళ్లు కూడా. బెల్లం పొంగలి వండి మొదటి ముద్ద తనకే పెట్టినారంట. ఉడుక్క వాయిస్తా ఉంటే కాళ్లు వాటంతట అవే ఆడినాయంట. "రాణి మాదిరి ఉండె నాకు" అని ఆ గొంతు నవ్వింది. "పూసారి నా తల మీద చెయ్యి పెట్టి, భయపడొద్దు తల్లీ అనె. నాకు భయమంతా పోయె. ఆ తరవాత..."

అక్కడ ఆగిపోయింది.

 ముందు కోడలే మాట్లాడింది. "వింటిరి గదా. అత్తే చెప్తా ఉంది. భయం పోయెనంట."

అక్క కొడుకు కళ్లు తుడుచుకున్నాడు. "అమ్మా, నీకు బాగైంది ఆడనేనా? ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

అక్క మంచం పట్టెను అరచేత్తో కొట్టింది. మళ్లీ కొట్టింది. మెడ దగ్గరి రంధ్రంలోంచి ఊపిరి ఈలలాగ వస్తోంది. కోడలు పరుగెత్తి వచ్చి వీపు నిమిరింది. "ఏడవద్దు అత్తా. పాపకూ బాగైపోతుంది, నీ మాదిరే."

"అది సగమే" అన్నాను నేను. "అసలు సంగతి దాని తర్వాత ఉంది."

"అది పెట్టు మరి" అన్నాడు మేనల్లుడు.

"లేదు. డిస్కు పోయింది."

అక్క కొడుకు నా వైపు చూశాడు. వెటకారం చేయాలని లేదు అతనికి, అలసిపోయి ఉన్నాడు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. "మామా, గుడి మెట్టు ఎక్కేవాణ్ని కూడా నిలబెట్టి రుజువు చూపు అంటావు గదా నువ్వు. ఇప్పుడు నీ రుజువు ఏది?"

 ఆ రెండు ఫైళ్లకు లోకంలో మిగిలిన ఒకే ఒక్క నకలు నేను. ఆ నకలును ఆ ఇంట్లో ఎవరూ నమ్మరు. ముప్పై ఏళ్లకు పైగా ప్రతిదానికీ వాదించినవాడి మాటను, వాదం తప్ప ఇంకేమని తీసుకుంటారు?

అప్పుడు అక్క నా చొక్కా పట్టుకుని లాగింది. తన ఎదురుగా కూర్చోబెట్టింది. వేలితో నా పెదవులను తాకి, తర్వాత తన గుండెను తాకింది.

నేను మేనల్లుడి వైపు చూడటం మానేశాను. అక్క ముఖమే చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను. "రెండో దినం నిన్ను స్తంభానికి కట్టినారు." అక్క తల ఊపింది. "మిరపకాయల పొగ పెట్టినారు." ఊపింది. "వేపమండలతో కొట్టినారు. ఎవరు నువ్వు, పేరు చెప్పు అని అడిగినారు. నీ పేరే చెప్తే ఇంకా కొట్టినారు." ఊపింది. "ఆ దినం రెండుసార్లు ఫిట్స్ వచ్చింది. దెయ్యం ఒప్పుకుంటా ఉందన్నారు." ఊపింది. "మూడో దినం జుట్టు చింతచెట్టుకు చుట్టి మేకు కొట్టినారు. నలుగురు మనుషులు నిన్ను కదలకుండా పట్టుకున్నారు."

అక్క చెయ్యి ఎత్తింది. కాదు అన్నట్టు ఊపింది.

"ముగ్గురా?"

కాదు. ఆమె వేలు గోడ వైపు తిరిగింది. అక్కడ మా నాయన ఫోటో ఉంది.

నేను మరిచిపోలేదు. మూడో ఫైలులో ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎలా మారిందో కూడా నాకు గుర్తుంది. అయినా దాటేశాను. మా నాయనను నేను ఎప్పుడూ దాటేస్తూనే వచ్చాను, ఇన్ని వేదికల మీద, ఇన్ని వ్యాసాల్లో. ఆమె దాటనివ్వలేదు. వేలు దించలేదు.

"నాయన నీ కాళ్లు పట్టుకున్నాడు" అన్నాను. "ఏడుస్తూ పట్టుకున్నాడు. వదల్లేదు."

అక్క తల ఊపింది. చేతిని ఒడిలోకి దించుకుంది.

అప్పటిదాకా కదలకుండా వింటున్న పాప తన తండ్రి వైపు తిరిగింది. గొంతులో భయం కూడా లేదు, తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. "నాయనా, పూసారి ఫోనులో నీకూ అదే గదా చెప్పె? కాళ్లు నువ్వే గట్టిగా పట్టుకోవాలని?"

బయట వండి హారన్ కొట్టింది.

అక్క కొడుకు పాప కాళ్ల వైపు చూశాడు. హారన్ మళ్లీ మోగింది. లేచి బయటికి వెళ్లాడు. డ్రైవర్‌తో ఏం మాట్లాడాడో మాకు వినిపించలేదు. ఇంజన్ చప్పుడు మాత్రం కాసేపు అక్కడే ఉండి, తర్వాత పాపారపట్టి రోడ్డు వైపు దూరమైంది. అతను లోపలికి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, అటక మీదినుంచి మాత్రల డబ్బా తీసి పాప ఎదురుగా పెట్టాడు.

"పరీక్షలో నిద్ర వస్తే?" అంది పాప.

"డాక్టర్ను అడుగుదాము. సోమవారం పోదాము."

కోడలు పళ్లెంలోని నిమ్మకాయలను ఒక్కొక్కటే తీసి బుట్టలో వేస్తోంది. ఆమెలో కోపం కనిపించలేదు. నిమిషం క్రితం బిడ్డ కోసం ఎంత భయపడిందో ఇప్పుడూ అంతే భయపడుతోంది. ఆ భయానికి నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు, ఒక డబ్బా మాత్రలు తప్ప.

"సరే చిన్నాయనా. ఈ అమావాస పోనిస్తాము, వచ్చే అమావాస దాకా చూస్తాము" అంది, నా వైపు తిరగకుండానే. కొత్త పావడాను మడత చెదరకుండా పెట్టెలో పెట్టి మూత వేసింది. "మాత్రలు వేసినా పాప మళ్లా పడిపోతే, అప్పుడు మీరు అడ్డం రాకూడదు."

నేను అక్కను చూశాను. ఆమె పెదవులు కదిలాయి. చిన్న మాట కాబట్టి నాకు తెలిసింది.

"నెల."